కుంకుడి బరువుచొక్కా

నమోదు 1. ఆపరేషన్ అయిన రోజు

పశువుల డాక్టర్ నీలవేణి రాయమన్నవి మూడే. తిన్నాడా, ఒంటికి వెళ్ళాడా, కుట్టు ఎలా ఉంది. ఈ పలక మీద రోజుకో వాక్యం చాలంది. నలభై ఏళ్ళు లైబ్రరీ నడిపిన మనిషిని రోజుకో వాక్యంతో సరిపెట్టుకోమనడం ఎంత పెద్ద శిక్షో ఆ పిల్లకు తెలియదు. ఆవిడ ఇక్కడే కిందూరులో పుట్టింది. పుస్తకం అనే వస్తువును ముట్టుకుని ఎరగదు. ముట్టుకోవడానికి మిగలనిచ్చారు గనకనా. ఆ సంగతి తర్వాత రాస్తాను, తప్పకుండా రాస్తాను.

కుంకుడు నా ఒళ్ళో ఉన్నాడు. ఇంకా మత్తు దిగలేదు. నాలుక ఒక పక్కకు జారిపోయింది. కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. ముందుకాళ్ళు అప్పుడప్పుడు గాలిలో ఈదుతున్నాయి. ఎండిన కుంకుడుకాయ రంగు, ఇంచుమించు అంతే ముడతలు. ఆ పేరు ఎందుకు పెట్టారని ఇక్కడి పిల్లలు అడుగుతారు. కుంకుడుకాయ అంటే ఏమిటో చెప్పాలి, తలంటు అంటే ఏమిటో చెప్పాలి, కళ్ళు మండటం గురించి చెప్పాలి. చెప్పేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు. పేరు మాత్రం వాడికి నప్పింది.

ఆపరేషన్ నా సరదా కాదు. కిందూరులో గాలి ఊరికే రాదు. కుక్కల సంఖ్య పెరగకూడదని కమిటీ తీర్మానం చేసింది. తీర్మానం కింద సంతకం పరాంకుశం గారిది. ఈయన మా ఎదురింటాయన. గాలి కమిటీకి పాతికేళ్ళుగా పెద్ద. కాగితం మీద ఆయన సంతకం పడిందంటే నాకు సంబంధించినదేదో ఒకటి తెగిపోతుంది. అది నా అనుభవం.

నీలవేణి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది.

"తాతగారూ, వీడు ఎగరకూడదు. మిగతావన్నీ నేను చూసుకుంటాను. కుట్టు విడిపోతే మాత్రం మళ్ళీ మత్తిచ్చి కుట్టలేను. ఇంత చిన్న గుండె వెంటవెంటనే రెండుసార్లు తట్టుకోదు."

చంద్రుడి మీద కుక్కను ఎగరనివ్వకుండా చూడాలట. సులువైన పనే చెప్పింది.

నమోదు 2

తిన్నాడు, కొద్దిగా. ఒంటికి వెళ్ళాడు, నా కాలి మీద. కుట్టు శుభ్రంగా ఉంది.

ఎగరకుండా ఉండటానికి వాడికి బరువుచొక్కా కుట్టాను. చంద్రుడి నేల కింద తవ్విన ఈ ఊళ్ళో అందరం వేసుకునేదే. భూమ్మీద ఆరుగురు మోసే మూటను ఇక్కడ ఒక్కడు మోస్తాడు. ఒళ్ళు అంత తేలికైపోతే ఎముకలు గుల్లబారతాయి, వీధిలో గట్టిగా అడుగేస్తే తల పైకప్పుకు తగులుతుంది. అందుకని పుట్టిన పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా చొక్కా జేబుల్లో ఇనపబిళ్ళలు వేసుకుని తిరుగుతాం. ప్రతి బిళ్ళ మీదా దాని మనిషి పేరు అచ్చుగుద్ది ఉంటుంది.

కుక్కలకు బిళ్ళలు ఇవ్వరు. కుంకుడికి ఇంతకాలం బరువన్నది తెలియదు. తలుపు తీసే చప్పుడు వింటే చాలు, వాడు ఉన్నచోటు నుంచి లేచి పైకప్పు కింది గొట్టాన్ని ముక్కుతో పలకరించి, నాలుగు కాళ్ళూ చాపి, చెవులు రెండూ పైకి లేచిపోయి, తీరుబడిగా దిగి వస్తాడు. దిగుతున్నంతసేపూ నన్నే చూస్తూ ఉంటాడు. నేను చదివిన వర్ణనల్లో ఏదీ దానికి సరితూగదు.

నా పాత కోటు చేతిని కత్తిరించి చొక్కా చేశాను. వీపు మీద కూర్చుంటుంది, కుట్టు జోలికి పోదు. అటొక జేబు, ఇటొక జేబు. ఒకదాన్లో నా బిళ్ళ వేశాను. నా చొక్కాలోంచి రెండోది తీస్తే, బిళ్ళలు లెక్కపెట్టి ఎముకలు చూసే మోకాళ్ళ తనిఖీవాళ్ళు ఊరుకోరు. ఇంట్లో ఇంకొక్క బిళ్ళ ఉంది. వరహాలు చొక్కాలో.

వరహాలు నా భార్య. పోయి మూడేళ్ళయింది. చొక్కా అలాగే మేకుకు వేలాడుతోంది. బిళ్ళ తీసి కుంకుడి రెండో జేబులో వేశాను. ఆవిడ ఉండి ఉంటే నాకంటే ముందే వేసేది, కుట్టు కూడా ఇంత వంకరగా వచ్చేది కాదు.

మెడకు గరాటా. కుట్టు నాకకుండా. మందులు వచ్చిన డబ్బా అట్టను చుట్టి చేసింది నీలవేణి. అది తగిలించగానే కుంకుడు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి నడిస్తే దాంట్లోంచి బయటపడొచ్చని వాడి సిద్ధాంతం. గోడ తగిలేదాకా నడిచి, గోడను అనుమానంగా చూసి, పక్కకు తిరిగి మళ్ళీ వెనక్కి. కమిటీలో పాతికేళ్ళు జరిగింది ఇదేనని నాకనిపించింది.

మాత్రను వేరుశెనగ ముద్దలో పెట్టి ఇచ్చాను. ముద్ద తిని, మాత్రను కడిగినంత శుభ్రంగా నా చెప్పు మీద పెట్టాడు. రెండో ముద్దలోనూ అంతే. మూడోసారి ముందు ఖాళీ ముద్ద, వెంటనే మాత్ర ముద్ద, ఆ వెంటనే ఇంకో ఖాళీ ముద్ద చూపించాను. మూడోదాని కంగారులో రెండోది మింగేశాడు. పండితుల్ని ఇలాగే పట్టాలి.

నమోదు 3

తిన్నాడు. వెళ్ళాడు. కుట్టు దగ్గర కొంచెం ఎరుపు. ఉంటుందిలెమ్మంది డాక్టరు.

ఇవాళ వీధికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

కుంకుణ్ణి ఒంటికి తీసుకెళ్ళే చోటు, నాచు పరిచిన పట్టీ, వీధి చివర ఉంది. చొక్కాతో, గరాటాతో, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వాడు నడుస్తుంటే నీళ్ళ పంపు దగ్గర గున్నమ్మ చూసింది. ఆవిడది మా సాలూరు వైపు. ఇక్కడికొచ్చి ముప్పయ్యేళ్ళయినా మాట మారలేదు. ఆ ఒక్క కారణానికి ఆవిడ ఏమన్నా ఊరుకుంటాను.

"జబ్బు చేసినోడికి బరువెడతారేటి మాస్టారూ? ఎక్కడైనా ఉందేటి?"

ఎక్కడా లేదు. అదే చిక్కు. కిందూరులో మనిషి మంచాన పడితే చూడ్డానికి వచ్చినవాళ్ళు పళ్ళూ పాలూ తీసుకురారు. మంచం పక్కన కూర్చుని, రోగి చొక్కాలోంచి ఒక్క బిళ్ళ తీసి వెంట పట్టుకుపోతారు. ఇంట్లోవాళ్ళు తియ్యకూడదు, బయటివాళ్ళే తియ్యాలి. ఒకరికి ఒకటే. రోగి నిద్రపోతున్నా సరే, అడగక్కర్లేదు. ఎంతమంది కావలసినవాళ్ళుంటే అంత తేలిగ్గా పడుకుంటాడు. కోలుకుంటే ఎవరు తీసింది వాళ్ళే తెచ్చి మళ్ళీ జేబులో పెడతారు. కోలుకోకపోతే అది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

మొదట్లో ఇది చూసి నవ్వుకున్నాను. భూమ్మీద పుట్టినవాణ్ణి, ఆచారాల మీద చాలా చదివినవాణ్ణి. వరహాలు పడుకున్నప్పుడు నవ్వలేదు. వీధి వీధంతా వచ్చింది. గున్నమ్మ అందరికంటే ముందొచ్చి తీసింది. మాట్లాడటం కూడా రాని పసివాడి చేత వాళ్ళమ్మ తీయించింది. చివరికి ఆవిడ చొక్కాలో ఒకే ఒక్క బిళ్ళ మిగిలింది. అది ఎదురింటి పరాంకుశం తియ్యవలసింది. మా తలుపుకీ వాళ్ళ తలుపుకీ మధ్య ఎనిమిది అడుగులు. రాలేదు. వరహాలు ఆ ఒక్క బిళ్ళ బరువుతోనే పోయింది.

గున్నమ్మకు డాక్టరు చెప్పిందంతా వివరించాను. ఎగిరితే కుట్టు విడిపోతుంది, విడిపోతే ప్రాణానికే ముప్పు, అందుకే బరువు. అంతా విని, తల ఊపి, కుంకుడి గరాటాలోకి వంగి, "పాపం రా నాయినా, ముసిలోడి సేతిలో పడ్డావు" అంది.

మేం తిరిగొస్తుంటే పరాంకుశం ఆయన గుమ్మంలో నుంచుని ఉన్నాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, బిళ్ళలన్నీ లెక్కప్రకారం. కుంకుడి వీపు మీది జేబుల్ని చాలాసేపు చూశాడు. నేను తలుపు కొంచెం గట్టిగానే వేశాను.

నమోదు 4

తిన్నాడు. ఒంటికి వెళ్ళాడు. కుట్టు బాగుంది.

డాక్టరు గారి కోరిక తీరింది కాబట్టి ఇక నా కోరిక.

పుస్తకాల సంగతి. నేను చంద్రుడి మీదకు వచ్చిందే పుస్తకాల వెంట. కాగితం పుస్తకాలు, మూడు వేలు, ఓడలో చోటు కోసం నేను బతిమాలని మనిషి లేడు. కిందూరులో అట్ట వాసన, కాగితం వాసన ఉన్న గది అదొక్కటే. తర్వాత తోటల మట్టికి కర్బనం కరువొచ్చింది. ఇక్కడి రాతిలో అన్నీ ఉన్నాయి, అదే లేదు. అక్షరాలన్నీ యంత్రంలో భద్రంగా ఉన్నాయి కదా, కాగితం ఎందుకు అని కమిటీ అడిగింది. సంతకం ఎవరిదో రాయక్కర్లేదు. మూడు వేల పుస్తకాలు నానబెట్టి, రుబ్బి, మట్టిలో కలిపారు. ఆ పంటకు తోటకూర ఏపుగా వచ్చింది. ఊరంతా పప్పులో వేసుకుని మెచ్చుకుంది. నేను ఆ తర్వాత తోటకూర ముట్టలేదు. వరహాలు నా కోసం మానేసింది, ఆవిడకు ప్రాణం అయినా సరే.

ఇక్కడ కవులు కూడా ఉన్నారు. వెన్నెల మీద కాపురముండి భూమి వెలుగు గురించి రాస్తారు. ఒక్కరూ పైకి వెళ్ళి చూడరు, చలని. వాళ్ళ పుస్తకాలన్నీ యంత్రంలోనే, ఒక్కటి కూడా మట్టిలో కలవలేదు. కాగితం మీద ఉండుంటే ముందు అవే ఇచ్చేవాణ్ణి, ఎరువుకు ఇంకా బాగా పనికొచ్చేవి.

కుంకుడు గరాటాతో నీళ్ళగిన్నెను తోశాడు. నీళ్ళు గుండ్రంగా లేచి, ఆలోచించుకుని, నా మీద పడ్డాయి. వాడు గరాటాలోంచి నన్ను చూస్తున్నాడు. ఈ ముఖం చూసి కోప్పడగలిగినవాడు కమిటీకి పెద్ద కావచ్చు.

నమోదు 5

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక కుంకుణ్ణి వాడి గుడ్డ మీద పడుకోబెట్టి, పక్కనే నేలమీద నేనూ ఒరిగాను. తలుపు దగ్గరగా వేశాను, గడియ పెట్టలేదు. కునుకు పట్టింది.

గొట్టానికి అట్ట కొట్టుకున్న చప్పుడుకు లేచాను. కుంకుడు పైకప్పు దగ్గర ఉన్నాడు. మామూలుగా ఎగిరేటప్పుడు వాడు నిటారుగా లేస్తాడు. ఇవాళ వంకరగా, పక్కకు తిరిగిపోతూ లేచాడు. చొక్కా ఒక వైపుకు జారి కడుపు కిందకు వచ్చేసింది. ఒక జేబు ఉబ్బెత్తుగా ఉంది. రెండోది ఖాళీ. వాడు తిరుగుతూ దిగుతున్నాడు, వాడితో పాటు నాలుగైదు ఎర్రటి చుక్కలు అంతే నిదానంగా దిగుతున్నాయి. నేను మోకాళ్ళ మీద లేచి చేతులు చాపేలోపు గరాటా నేలకు తగిలింది.

గుమ్మంలో పరాంకుశం నిలబడి ఉన్నాడు. చేతిలో వరహాలు బిళ్ళ.

జరిగింది ఇది. తలుపు తోసుకుని వచ్చాడు. ఇద్దరమూ నిద్రలో ఉన్నాం. ఆచారం ప్రకారం ఒక బిళ్ళ, ఒక్కటే, తీశాడు. లేపకుండా వెళ్ళిపోదామనుకున్నాడు. తలుపు చప్పుడు విని కుంకుడు ఎప్పటిలాగే ఎగిరాడు. ఒక పక్క బరువుండి ఒక పక్క లేక, గాలిలో మెలితిరిగిపోయాడు.

కుంకుణ్ణి ఎత్తుకుని చూశాను. కుట్టు సగం విడిపోయింది. వాడు మూలగలేదు. నా బొటనవేలు నాకడానికి ప్రయత్నిస్తున్నాడు, గరాటా అడ్డమొస్తోంది.

నాకు తెలిసిన భాష చిన్నదేం కాదు. అవసరానికి అందులోంచి వచ్చింది ఇంతే. "మూడేళ్ళ కిందట మా ఆవిడకి తియ్యడానికి ఎనిమిదడుగులు నడవలేకపోయారు. ఇవాళ కుక్కకి తియ్యడానికొచ్చారా?"

ఆయన బిళ్ళ జేబులో వేసుకుని వెనక్కి తిరిగి పరిగెత్తాడు. డెబ్బయ్యారేళ్ళ మనిషి, ఒంటి నిండా బిళ్ళలతో, వీధి మధ్యలో పరిగెత్తాడు. నీలవేణిని తీసుకునే వచ్చాడు.

మత్తు ఇవ్వలేదు. ఆ చోట మాత్రమే తిమ్మిరెక్కించి కుట్టింది. నేను తల పట్టుకున్నాను. వెనక కాళ్ళు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, గదిలో ఉన్న ఇంకో మనిషి ఆయనే. కుట్టినంతసేపూ కుంకుడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

ఆవిడ చేతులు కడుక్కుంటూ చెప్పింది. లోపల వాపు వచ్చింది. చొక్కా కట్లు ఇప్పుడు ఒత్తుకుంటాయి, వెయ్యకూడదు. బరువు లేదు కాబట్టి కింద దించకూడదు. వాపు తీసేదాకా ఎవరో ఒకరి ఒళ్ళోనే, రెండు చేతుల మధ్య ఉండాలి. వాపు పెరిగితే, చీము పడితే... ఆవిడ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. 

నమోదు 6

తినలేదు. ఒంటికి ఒకసారి వెళ్ళాడు, కొద్దిగా. వాపు అలాగే ఉంది.

రాత్రంతా, పొద్దుటంతా ఒళ్ళోనే పెట్టుకున్నాను. కుంకుడు ఏమంత బరువు, ఇక్కడ మరీను. ఒక గిన్నెడు మరమరాలంత ఉంటాడు. కష్టం బరువుది కాదు. వాడు నిద్రలో ఉలిక్కిపడితే ఆపడానికి వేళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నా వేళ్ళు కీళ్ళ దగ్గర ఎప్పుడో బిగుసుకుపోయాయి. పొద్దెక్కేసరికి వాడు కదిలింది నాకు తెలియడం మానేసింది. ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే వాడు నా మోకాలి చివర కూర్చుని పైకి, ఆ గొట్టం వైపు చూస్తున్నాడు.

గున్నమ్మను పిలుద్దామనుకున్నాను. తోటలో కోతలు, సాయంత్రం దాకా రాదు. నీలవేణి అవతల ఈనుతున్న ఆవు దగ్గర ఉంది. అంతలో ఎవరో తలుపు తట్టారు, అది నెమ్మదిగా తెరుచుకుంది.

పరాంకుశం లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి, "జగ్గారావు గారూ, కాసేపు నేను పట్టుకుంటానండీ. మీరు నన్ను తిట్టాలంటే పడుకుని తిట్టొచ్చు" అన్నాడు.

వద్దన్నాను. ఆయన వెళ్ళలేదు. ఇంకోసారి వద్దన్నాను. అప్పుడు కుంకుడు ఉలిక్కిపడ్డాడు, నా వేళ్ళు ముడుచుకోలేదు, ఆయనే ఒక్క అంగలో వచ్చి వాణ్ణి గాలిలో ఉండగానే అందుకున్నాడు.

కుక్కను ఆయన పట్టుకునే పద్ధతి చూడాలి. పగిలిపోయే మీటరును పట్టుకున్నట్టు, మోచేతులు బిగదీసి, ఊపిరి ఆపి. అంతకుముందు కుక్కను ముట్టుకోలేదట. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి నడుం కింద, పొట్ట వత్తుకోకుండా అని చెప్పాను. చెప్పినట్టే పట్టుకున్నాడు. నేను గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకోకుండా కాపలా కాద్దామనుకున్నాను. లేచేసరికి సాయంత్రం దీపాలు వెలిగాయి. ఆయన కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. నాకు కొంచెం సంతోషం వేసింది, కాదనను.

నమోదు 7

పొద్దున తినలేదు. పెరుగన్నం ముట్టలేదు. వేరుశెనగ ముద్ద వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. వేరుశెనగ ముద్ద వద్దన్న కుంకుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ముక్కు వెచ్చగా, పొడిగా ఉంది. తినకపోతే మందు లోపలికి వెళ్ళదు. మందు వెళ్ళకపోతే వాపు తియ్యదు. నీలవేణి వచ్చి చూసి, ఏదో ఒకటి తినిపించండి, ఏదైనా సరే అని వెళ్ళింది. ఏదైనా సరే అని డాక్టర్లు ఎప్పుడంటారో నాకు తెలుసు. వరహాలప్పుడు విన్నాను.

మధ్యాహ్నం పరాంకుశం గిన్నెతో వచ్చాడు. మూత తియ్యకముందే వాసన పట్టాను. తోటకూర పప్పు.

"మీ కోసం కాదండీ" అన్నాడు వెంటనే. "మీరు తినరని తెలుసు. వీడికి. ఉప్పూ కారం లేదు, ఉల్లిపాయ వెయ్యలేదు. డాక్టరమ్మనడిగే వండాను."

గిన్నె కింద పెట్టి, వేలితో కొంచెం తీసి, భయం భయంగా గరాటాలోకి చెయ్యి పెట్టాడు. కుంకుడు వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. నాకాడు. ఆ తర్వాత ఆయన వేలునీ గిన్నెనూ వేరు చెయ్యడం కష్టమైంది. మాత్ర కూడా అందులోనే పోయింది, ఉమ్మలేదు.

కిందూరు తోటల మట్టిలో నా మూడు వేల పుస్తకాలున్నాయి. ఆ మట్టిలో మొలిచిన కూర వీడు గిన్నెడు తిన్నాడు. ఈ ఊళ్ళో నా తర్వాత అంత చదువుకున్నవాడు ఇక కుంకుడే. ఈ మాట పైకే అన్నాను. పరాంకుశం నవ్వాలా వద్దా అని నన్ను చూసి, వద్దని నిర్ణయించుకున్నాడు.

కాసేపటికి కుంకుడు ఆయన ఒళ్ళో గుర్రు పెడుతున్నాడు. ఆయన కిందికి చూస్తూనే మాట్లాడాడు.

"ఆ రోజు బయల్దేరానండీ. మీ గుమ్మం దాకా వచ్చాను. ఇంకొక్క బిళ్ళే మిగిలిందని గున్నమ్మ చెప్పింది. నేను తీస్తే ఇక ఆవిడకి ఏ బరువూ ఉండదు కదా. నేను తీసిన పూటే ఆవిడ వెళ్ళిపోతే? పుస్తకాలు నేనే తీశాను, ఆవిణ్ణీ నేనే తీసినట్టవుతుందనిపించింది. ఆ తర్వాత మీరు నా మొహం చూసేవారా?"

"ఇప్పుడు చూస్తున్నానా?"

"చూస్తున్నారు కదండీ. కుక్క నా ఒళ్ళో ఉంది కాబట్టి."

 పాతికేళ్ళు గాలిని కొలిచిన మనిషి, గొట్టాల్లో ఎక్కడ చిల్లుపడిందో చప్పుడు విని చెప్పగలిగిన మనిషి, ఒక ఇనపముక్కకు భయపడ్డాడు. తెలివితక్కువతనం. అలాగని రాద్దామనే పలక తీశాను. ఆ బిళ్ళ తీసేస్తే ఆవిడ పోతుందేమోనన్న ఆలోచన, ఆవిడ ఆ ఒక్క బిళ్ళతో పడుకున్న మూడు రాత్రులూ నాకూ వచ్చింది. అందుకే ఆ మాట కొట్టెయ్యకుండా, దాని పక్కన ఇంకేమీ చేర్చకుండా వదిలేస్తున్నాను.

"మరి ఇప్పుడెందుకు తీశారు?" అన్నాను.

"చొక్కా జేబులోంచి పేరు కనిపించిందండీ. వరహాలమ్మ అని. నేను తియ్యవలసింది అదే కదా. ఇంకా అలాగే ఉంది. మూడేళ్ళు ఆలస్యమైనా తీద్దామనుకున్నాను. కుక్కకి బరువే మందని నాకెవరూ చెప్పలేదు. మీరు గున్నమ్మకి చెప్పారు."

నిజమే. గున్నమ్మకు చెప్పాను. ఆయన ముఖాన తలుపు వేశాను. పుస్తకాల విషయంలో తప్పు మాత్రం ఆయనదే. అది ఎప్పటికీ మారదు.

నమోదు 8

తిన్నాడు, తోటకూరే. రెండుసార్లు ఒంటికి వెళ్ళాడు. వాపు తగ్గింది. తగ్గిందని నేననుకోవడం కాదు, నీలవేణి వేలితో నొక్కి చూసి నవ్వింది.

సాయంత్రానికల్లా కుంకుడు నా చొక్కా గుండీ కొరికి మింగబోయాడు. బతికినట్టే.

చొక్కా మళ్ళీ వెయ్యొచ్చంది. కుట్లు విప్పేదాకా. నా బిళ్ళ ఒక జేబులో వేశాను. రెండో జేబు తెరిచి పట్టుకున్నాను. ఎవరు తీసింది వాళ్ళే పెట్టాలి. పరాంకుశం జేబులోంచి బిళ్ళ తీసి, చొక్కా అంచుతో తుడిచి, వేశాడు. కుంకుడు రెండడుగులు నడిచి, ఈ కథ మళ్ళీ మొదలైందా అన్నట్టు కూలబడ్డాడు.

ఆయన వెళ్ళాక గిన్నెలో కొంచెం పప్పు మిగిలి ఉంది. రాత్రి అన్నంలోకి ఏమీ లేదు. ఉప్పు వేసుకున్నాను. పప్పు బాగా ఉడికింది. కూర గురించి నా అభిప్రాయం ఈ నమోదులో రాయవలసిన అవసరం లేదు.

నమోదు 9. చివరిది

నీలవేణి కుట్లు విప్పింది. గరాటా తీసింది. గరాటా తీయగానే కుంకుడు చెయ్యాలనుకున్న మొదటి పని చేశాడు, అంటే తీరిగ్గా, ఓ మూల కూర్చుని, ఇన్నాళ్ళూ నాకలేకపోయిన చోటల్లా నాకాడు. నేనూ నీలవేణీ పరాంకుశమూ మర్యాదగా గోడ వైపు చూశాం.

"ఇక ఎగరొచ్చు" అంది నీలవేణి. "చొక్కా తియ్యండి తాతగారూ."

నేను తియ్యలేదు. ఇంట్లోవాళ్ళు తియ్యకూడదు. వీధిలోకి తల పెట్టి గున్నమ్మను పిలిచాను. పరాంకుశం ఎలాగూ అక్కడే ఉన్నాడు, ఈ మధ్య ఎక్కడికీ వెళ్ళడం లేదు. నా పేరున్న బిళ్ళ గున్నమ్మ తీసి, వెంటనే నా చొక్కాలో వేసి, "మీకు జబ్బు లేదు మాస్టారూ, మీ బరువు మీరే మొయ్యండి" అంది.

పరాంకుశం నేలమీద కూర్చున్నాడు. రెండో జేబులో చెయ్యి పెట్టి, నన్ను చూశాడు.

"తియ్యండి" అన్నాను.

తీశాడు. అరచేతిలో పెట్టుకుని, పేరున్న వైపు పైకి తిప్పాడు. 

"ఇది..." అన్నాడు.

"మనిషి కోలుకోకపోతే తీసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ ఊరి ఆచారమేగా, నన్నడుగుతారేం."

ఆయన దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. లెక్కకంటే ఒకటి ఎక్కువ. మోకాళ్ళ తనిఖీవాళ్ళు అడిగితే ఏం చెబుతాడో ఆయన చూసుకుంటాడు.

ఖాళీ చొక్కా లాగేశాను. కుంకుడు అలాగే నిలబడ్డాడు. ఒళ్ళు విదిలించుకున్నాడు, ఆ విదిలింపుకే నాలుగు వేళ్ళ ఎత్తు లేచి దిగాడు. ఆశ్చర్యపోయి తన కాళ్ళ వంక చూసుకున్నాడు. గున్నమ్మ బయటికెళ్ళి తలుపు వేసి, మళ్ళీ తీసింది.

ఆ చప్పుడు చాలు. వాడు లేచాడు. నిటారుగా, చెవులు వెనక్కి, ముక్కు పైకి. గొట్టాన్ని పలకరించాడు. అక్కడి నుంచి ఒకసారి గదినంతా చూసి, నాలుగు కాళ్ళూ చాపి దిగడం మొదలుపెట్టాడు. చెవులు లేచాయి. పొట్ట కింద కుట్టు మచ్చ సన్నగా, శుభ్రంగా కనిపించింది. నేను రెండు చేతులూ చాపాను. పక్కన చూస్తే ఆయనా రెండు చేతులూ చాపి ఉన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళం, మెడలు వెనక్కి విరుచుకుని, నాలుగు చేతులతో, ఒక గిన్నెడు మరమరాల కోసం నిలబడ్డాం. దిగుతున్నంతసేపూ వాడు చూస్తూనే ఉన్నాడు.

నా చేతుల్లోనే పడ్డాడు. ముందుకాళ్ళు రెండూ, తలా స్పష్టంగా నా చేతుల్లోనే. ఈ సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను. పరాంకుశం వీధిలో వేరేగా చెప్పుకుంటున్నాడని వింటున్నాను.